బంగారు గదికి ముహూర్తం

గురువారం పొద్దున్న వీరాంజనేయులు వేసుకున్న పథకం చాలా చిన్నది. అల్లుడి కారులో గుడికి వెళ్ళాలి, పంతులుగారిని పక్కకి పిలిచి ఒక్క మాట అడగాలి, భోజనాల వేళకి ఇల్లు చేరాలి. ఎవరికీ ఏమీ చెప్పకూడదు. ఈ చివరి షరతే కొంప ముంచింది గానీ, ఆ సంగతి గురువారం పొద్దున్న ఆయనకేం తెలుసు?

వీరాంజనేయులు ఏలూరులో విద్యుత్ శాఖ ఆఫీసులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరైన మనిషి. మూడుసార్లు ప్రమోషన్ ఇస్తామన్నారు. మూడుసార్లూ వద్దని రాసిచ్చాడు. ప్రమోషన్ తీసుకుంటే బదిలీ తప్పదు మరి. ఆయన భార్య అనంతలక్ష్మి ఆ ఊళ్ళోనే ఒక ఎయిడెడ్ స్కూల్లో తెలుగు టీచరు. "మా ఆయనకి మెట్లంటే భయం. మేడ మీద వడియాలు కూడా నేనే పెట్టుకోవాలి" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ అనేది. ఆయన నవ్వి పేపరు చదువుకునేవాడు. కానీ ఆ మాట ఎక్కడో లోపల, చెప్పులో చిన్న రాయిలా, ఉండిపోయింది.

ఇప్పుడు ఇద్దరూ అమెరికాలో, అరోరా అనే ఊళ్ళో, కూతురు నళిని ఇంట్లో ఉన్నారు. వచ్చినప్పుడు బయట మంచు, లోపల టీవీ. మామగారు కిటికీ దగ్గర నిలబడి మంచు తోసే బండ్లు లెక్కపెట్టుకోవడం చూడలేక అల్లుడు శ్రీధర్ ఒక పాత టాబ్లెట్‌లో పేకాట పెట్టిచ్చాడు. "పోకర్ అంటారు మామయ్యగారూ. నిజం డబ్బు కాదు, ఉత్త చిప్స్, ఆట బిళ్ళలు. పోయినా మీకేం పోదు, వచ్చినా మీకేం రాదు" అన్నాడు. మన రమ్మీలా పదమూడు ముక్కలు కాదు, చేతికి రెండే. బాగుంటే ఆడాలి, బాగులేకపోతే పారేసి కూర్చోవాలి. పారేసి కూర్చోవడంలో వీరాంజనేయులికి జీవితకాలపు అనుభవం ఉంది.

ఆ ఆటలో రెండు గదులున్నాయి. కొత్తవాళ్ళకి పచ్చ గది. ఘనులకి బంగారు గది. పచ్చ గదిలో జనం చేతిలో ఏముందో చూసుకోకుండానే ఉన్నదంతా మధ్యలోకి తోసేస్తుంటారు. వీరాంజనేయులు ఓపిగ్గా మంచి ముక్కల కోసం కాచుకుని, ఆ తోసినవన్నీ తనవైపు లాక్కునేవాడు. ఆయన చిప్స్ కుప్ప పెరిగింది. అప్పుడొచ్చింది ప్రశ్న: బంగారు గదికి ఎప్పుడు వెళ్ళాలి?

"దానికో రూలుంది మామయ్యగారూ. పై టేబుల్ దగ్గర కూర్చోడానికి ఎంత కావాలో దానికి ముప్ఫై రెట్లు మీ దగ్గరుండాలి. అప్పుడు వెళ్ళొచ్చు. అక్కడ బాగా పోతే మళ్ళీ కిందకి రావాలి, అంతే" అన్నాడు శ్రీధర్. ముప్ఫై రెట్లు వచ్చాయి. యాభై అయితే ఇంకా నిబ్బరంగా ఉంటుందనుకున్నాడు వీరాంజనేయులు. యాభై వచ్చాయి. నూరయ్యాక చూద్దామనుకున్నాడు. నూరూ అయ్యాయి, రెండొందలూ అయ్యాయి. మూడొందలు దాటేసరికి ఆయనకే సిగ్గేసింది. "తాతా, ఇట్స్ ఫేక్ మనీ. యూ నో దట్, రైట్?" అంది మనవరాలు నైనిక. "ఫేకైనా కష్టపడి సంపాదించింది కదమ్మా" అన్నాడు తాత.

ఇక లెక్క అడ్డం పెట్టుకునే వీలు లేకపోయేసరికి ఆయన మంచిరోజు మీద పడ్డాడు. ఏలూరు నించి తెచ్చుకున్న పంచాంగం ముందేసుకున్నాడు. అందులో రాహుకాలం ఏలూరుదా, అరోరాదా అన్న అనుమానం వచ్చింది. ఎందుకైనా మంచిదని రెండూ వదిలేశాడు. వర్జ్యాలూ దుర్ముహూర్తాలూ కూడా రెండూళ్ళవీ వదిలేస్తే రోజులో మిగిలింది మధ్యాహ్నం నిద్రపోయే వేళ ఒక్కటే. ఇక పంతులుగారినే అడుగుదామని తేల్చుకున్నాడు. పైకి చెప్పుకోలేదు గానీ, మూఢం నడుస్తోందనో, శూన్యమాసం వస్తోందనో ఆయన అంటే ఇంకో రెండు నెలలు హాయిగా గడిచిపోతాయని లోపల చిన్న ఆశ.

శ్రీధర్ గుడి ముందు కారాపి, "మీటింగ్‌లో ఉన్నాను, మీరు దర్శనం చేసుకుని రండి" అని చెవికి హెడ్‌సెట్ తగిలించుకున్నాడు. లోపల పంతులుగారు కంప్యూటర్లో పంచాంగం తెరిచి అడిగారు, "ఏ కార్యం నిమిత్తం?"

"ఒక కొత్త చోట కూర్చోవడం అండి."

"ఏ ఊళ్ళో?"

"ఊరంటూ లేదండి. అదంతా కంప్యూటర్లోనే."

ఏలూరులో అయితే ఈ మాటకి పంతులు చెంబు కింద పెట్టేవాడు. అరోరా పంతులుగారు రెప్ప కూడా వెయ్యలేదు. "ఆన్‌లైనా? పర్లేదు. కర్త ఎక్కడ కూర్చుంటే అదే ప్రదేశం. మీతో ఇంకెవరెవరు కూర్చుంటారు?"

"ఓ ఎనిమిది మంది. నక్షత్రాలు తెలీవండి. ఒకాయనది బ్రెజిల్."

"వాళ్ళవి అక్కర్లేదు" అని కాసేపు చూసి, "దివ్యంగా ఉంది! ఎల్లుండే. స్థిరవారం, సింహలగ్నం, పదీ నలభైకి. రాహుకాలం కూడా వెళ్ళిపోతుంది. ఇలాంటిది మళ్ళీ దొరకదు. దంపతులిద్దరూ పక్కపక్కన కూర్చుని మొదలుపెట్టండి, శుభం" అన్నారు.

వీరాంజనేయులి చిన్న ఆశ కాస్తా పోయింది. మూఢం లేదు. శూన్యమాసం లేదు. పైగా పక్కన అనంతలక్ష్మి కూర్చోవాలట. ఆ దిగులులో వెనక్కి తిరిగేసరికి ఎదురుగా రజిని. నళిని స్నేహితురాలు, వరంగల్ పిల్ల, చాలా మంచిది. ఊళ్ళో ఎవరింట్లో ఏ శుభకార్యమైనా ముందు సంతోషించేది ఆవిడే. పంతులుగారి చివరి రెండు మాటలూ ఆవిడ చెవిన పడ్డాయి.

"అంకుల్! ముహూర్తమా? దేనికి?"

"ఏం లేదమ్మా. చిన్న పని."

"చిన్న పనికి దంపతులు కూర్చునే ముహూర్తం పెట్టిస్తరా ఎవరన్న?" అంటూ రజిని అద్దాల తలుపులోంచి బయటికి చూసింది. కారులో శ్రీధర్ చేతులూపుతూ ఎవరితోనో తీవ్రంగా మాట్లాడుతున్నాడు. రజిని మొహం వెలిగిపోయింది. "అర్థమైంది అంకుల్. మీరేం చెప్పకండి. నాకు మొత్తం అర్థమైంది."

మొత్తం అర్థమైందనగానే వీరాంజనేయులు నిజంగానే ఆమెకి పేకాట సంగతి తెలిసిపోయిందనుకున్నాడు. ఈ కాలం పిల్లలు ఎంత చురుకైనవాళ్ళో అని ఆశ్చర్యపోయాడు. సిగ్గుతో గొంతు తగ్గించి, "నళినికి మాత్రం చెప్పకమ్మా" అని బతిమాలాడు.

"ప్రామిస్ అంకుల్. నళినికి చెప్పనే చెప్పను."

రజిని మాట మీద నిలబడే మనిషి. నళినికి చెప్పలేదు. నళిని ఒక్కదానికే చెప్పలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నళిని వాళ్ళది టౌన్‌హౌస్. అటు గోడ ఒకరిది, ఇటు గోడ ఒకరిది. సొంత పెరడున్న ఇల్లు కావాలని నళినికి ఆరేళ్ళుగా కోరిక. శ్రీధర్ కాదనలేదు. "ఇంకొంచెం సేవ్ చేశాక" అన్నాడు. ఆ ఇంకొంచెం ప్రతి ఏడూ ఇంకొంచెం పెరిగింది. పోయిన దసరా నించి నళిని అడగడం మానేసింది. ఒకరోజు ఆమె సాంబారు కలుపుతూ ఫోన్‌లో ఎవరిదో పెరట్లో నిమ్మచెట్టు బొమ్మ చూసుకుంటుంటే వీరాంజనేయులు చూశాడు. ఆయన్ని చూసి ఆమె ఫోన్ బోర్లా పెట్టేసింది. ఆ బోర్లా పెట్టిన ఫోన్ ఆయనకి చాలా రోజులు కళ్ళలో మెదిలింది.

ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అందుకే రజిని "నళినికి సర్‌ప్రైజ్" అని వాట్సాప్ గ్రూపు పెట్టగానే అందరి కళ్ళూ చెమ్మగిల్లాయి. శ్రీధర్ పెళ్ళానికి తెలియకుండా ఇల్లు కొన్నాడు, మామగారు రహస్యంగా ముహూర్తం పెట్టించాడు, శనివారమే గృహప్రవేశం! ఇల్లెక్కడో ఎవరికీ తెలీదు. అడిగితే సర్‌ప్రైజ్ పాడవుతుందని ఎవరూ అడగలేదు. పొద్దున్నే టౌన్‌హౌస్ ముందు కలుసుకుని అందరూ కలిసి వెళ్ళాలనీ, పులిహోర ఒకరు, దద్ధ్యోజనం ఒకరు, పాలు పొంగించే గిన్నె రజిని తేవాలనీ తీర్మానమైంది.

సంతోషించనివాడు ఒక్కడే, రజిని భర్త వేణుమాధవ్. అతను వారమంతా సాఫ్ట్‌వేర్, శని ఆదివారాలు రియల్ ఎస్టేట్. ఆరేళ్ళలో శ్రీధర్‌కి నలభై ఇళ్ళు చూపించాడు. గురువారం సాయంత్రం ఫోన్ చేసి, "బాగుంది శ్రీధర్. ఫ్రెండ్‌షిప్‌కి మంచి విలువ ఇచ్చావ్. హర్టయ్యాను" అని పెట్టేశాడు. శ్రీధర్ తల గోక్కుని ఎంత ఆలోచించినా, తను అతని పుట్టినరోజు మర్చిపోయి ఉంటాడన్న కారణం తప్ప ఇంకేదీ తోచలేదు. శుక్రవారం వెళ్ళి కేకు ఆర్డరిచ్చాడు.

అదే శుక్రవారం నళిని ఇండియన్ స్టోర్‌కి వెళితే, ఇద్దరు ఆడవాళ్ళు ఆమెని చూసి మాట ఆపేశారు. ఒకావిడ దగ్గరికొచ్చి చెయ్యి నొక్కి, కళ్ళు తుడుచుకుంటూ, "అంతా మంచే జరుగుతుంది నళినీ, దేవుడున్నాడు" అంది. నళిని దారి పొడుగునా లెక్కలు కట్టుకుంది. నాన్న ఎవరికీ చెప్పకుండా గుడికెళ్ళొచ్చాడు. నిన్నటినించీ సరిగ్గా తినడం లేదు. ఊరంతా తనని చూసి జాలిపడుతోంది. అంటే ఊరందరికీ తెలిసిందేదో తనకి తెలీదు.

ఇంటికొచ్చి తల్లిని నిలదీసింది. అనంతలక్ష్మి బిత్తరపోయి చూసింది. "నిన్న నన్నో మాట అడిగారే. 'శనివారం పొద్దున్న నా పక్కన కాసేపు కూర్చుంటావా లక్ష్మీ' అన్నారు. ఎందుకండీ అంటే చెప్పలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్నెప్పుడూ అలా అడగలేదే!"

ఆ తర్వాత వీరాంజనేయులికి రాజభోగం మొదలైంది. అడక్కుండానే రెండో కాఫీ వచ్చింది. పచ్చడి మాత్రం మాయమైంది. నళిని బీపీ మిషను తెచ్చి పూటకి రెండుసార్లు చెయ్యి బిగించింది. అనంతలక్ష్మి ఆయన లేవబోతే "మీరు కూర్చోండి, నేను తెస్తాను" అంది. ఈ "మీరు కూర్చోండి" విని ఆయన నిజంగా భయపడ్డాడు. ఆవిడకే ఏదో జబ్బు చేసి తనకి చెప్పకుండా దాస్తోందని నిశ్చయించుకుని, ఆవిడ మందుల డబ్బా రెండుసార్లు తీసి చూశాడు. ఆ విధంగా శుక్రవారం ఒకరి ఆరోగ్యం గురించి ఒకరు బెంగపడుతూ, ఒకరికొకరు మంచినీళ్ళందించుకుంటూ గడిపారు.

శనివారం వీరాంజనేయులు పెందలాడే తలస్నానం చేసి జరీ పంచె కట్టుకున్నాడు. అనంతలక్ష్మి పట్టుచీర కట్టుకుని, కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చింది. టాబ్లెట్ పూర్తిగా ఛార్జయి ఉంది. పది కొట్టింది. వీధి తలుపు బెల్లు మోగింది.

నళిని తలుపు తీసింది. బయట పదకొండు కార్లున్నాయి. పట్టుచీరలు, పంచెలు, అల్యూమినియం ట్రేలలో పులిహోర, ఎవరి చేతిలోనో నిలువెత్తు వేంకటేశ్వరస్వామి పటం, అందరికంటే ముందు మామిడాకు కట్టిన ఇత్తడి గిన్నెతో రజిని, ఆమె వెనక పెద్ద సంచీతో పంతులుగారు.

"కంగ్రాట్స్ నళినీ!" అని రజిని ఆమెని వాటేసుకుంది. "ఇగ దాచుడు నా వల్ల గాదు. శ్రీధర్ నీకోసం ఇల్లు కొన్నడు! ఇయ్యాలే గృహప్రవేశం!"

నళిని వెనక్కి తిరిగి మొగుడి వంక చూసింది. "నిజంగానా, శ్రీ?" అంది.

హాల్లో నిలబడ్డ వీరాంజనేయులు ఆ క్షణంలో కూతురి మొహం చూశాడు. పదో క్లాసు రిజల్టు వచ్చిన రోజున చూశాడు ఆ మొహం. ఆ తర్వాత మళ్ళీ ఇదే. శ్రీధర్ చేతిలో వేణుమాధవ్ కోసం తెచ్చిన కేకు డబ్బా ఉంది. డబ్బా మూత అద్దంలోంచి 'హ్యాపీ బర్త్‌డే వేణు' అని అందరికీ కనిపిస్తోంది.

"నా పుట్టినరోజు నవంబర్‌లో" అన్నాడు వేణుమాధవ్ అయోమయంగా.

"మరి హర్టయ్యానన్నావు కదరా?"

"నాకు చెప్పకుండా ఇల్లు కొన్నావని!"

"ఇల్లెక్కడ కొన్నాన్రా?"

నళిని మొహంలో వెలుగు మెల్లగా తగ్గడం వీరాంజనేయులు చూశాడు. నవ్వు అలాగే ఉంది, వెలుగు లేదు. ఈ గందరగోళంలోంచి మెల్లగా వెనక తలుపు దాకా జారుకోవచ్చు. ఎవరూ ఆయన్ని అడగలేదు. పారేసి కూర్చోవడం ఆయనకి బాగా వచ్చిన విద్యే. కానీ ఈసారి కూర్చోలేకపోయాడు. ముందుకొచ్చి కూతురి పక్కన నిలబడ్డాడు.

"ఇల్లు కాదమ్మా" అన్నాడు. "పేకాట."

యాభై మందీ ఆయన వైపు తిరిగారు. ఆయన మొత్తం చెప్పేశాడు. పచ్చ గది, బంగారు గది, ముప్ఫై రెట్లు, మూడొందల రెట్లు, రెండూళ్ళ రాహుకాలాలు, ఏదీ దాచలేదు. "తప్పంతా నాది. పంతులుగారికీ సరిగ్గా చెప్పలేదు, రజినికీ సరిగ్గా చెప్పలేదు. ఉత్త చిప్సమ్మా. దానికి ముహూర్తం పెట్టించానని చెప్పుకోడానికి సిగ్గేసింది."

"ఆన్‌లైన్ బిజినెస్ అనుకున్నాను" అన్నారు పంతులుగారు. "మళ్ళీ రజినిగారు గృహప్రవేశం అన్నారు. రెండూ ఒకే ముహూర్తానికా అని, ఎందుకైనా మంచిదని రెండిటికీ సరంజామా తెచ్చాను."

ముందు నైనిక నవ్వింది. ఆ తర్వాత పులిహోర ట్రేలు ఊగేలా అందరూ నవ్వారు. నళిని నవ్వలేదు. గబగబా వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. వీరాంజనేయులు వెనకాలే వెళ్ళాడు.

"నీ మొహం చూశానమ్మా. నా మూలంగా—"

"ఇల్లు కాదు నాన్నా" అని నళిని ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. "నీకేదో జబ్బనుకున్నాను. నిన్నటినించీ నీ ఊపిరి లెక్కపెడుతున్నాను. పేకాటేనా? నిజంగా పేకాటేనా? ఒట్టు?"

"ఒట్టమ్మా. బీపీ కూడా బాగానే ఉంది. నువ్వే చూశావుగా."

అప్పుడు హాల్లోంచి అనంతలక్ష్మి గొంతు వినిపించింది. "టైమెంతయింది? పదీ ముప్ఫై అయిదా? ఏవండీ, రండి. ముహూర్తం దాటిపోతుంది."

ఆవిడ సోఫాలో మధ్యన కూర్చుని ఉంది. పక్కన చోటు చేత్తో తుడిచింది. వీరాంజనేయులు కూర్చున్నాడు. టాబ్లెట్ ఒళ్ళో పెట్టుకున్నాడు. చుట్టూ యాభై మంది మూగారు. పంతులుగారు అలవాటు కొద్దీ గణపతి శ్లోకం అందుకున్నారు. తెర మీద బంగారు గది తలుపు మెరుస్తోంది. ఆయన వేలు దాని మీదికి వెళ్ళి ఆగింది.

"నాలుగొందలయ్యాక వెళ్తే..." అని గొణిగాడు.

అనంతలక్ష్మి ఆయన చెవి దగ్గరికి వంగింది. నెమ్మదిగానే అంది గానీ, పక్కనున్నవాళ్ళకి వినబడింది.

"ఈసారి నా స్కూలు అడ్డం లేదుగా. వెళ్ళండి."

ఆయన చివ్వున తిరిగి చూశాడు. "నీకు... తెలుసా?"

"తెలీకపోవడానికి నేనేం పిచ్చిదాన్నా? మొదటి ప్రమోషన్ కాయితం వచ్చిన రోజు మీరు వీధరుగు మీద ఎంతసేపు కూర్చున్నారో చూడలేదా? బదిలీ అయితే నా ఉద్యోగం పోతుందని వద్దన్నారు. ఆ మాట ఒక్కసారి నోరు విప్పి చెప్తారేమోనని ఇన్నేళ్ళూ మెట్లంటే భయమని దెప్పాను. చెప్పరే! నవ్వి పేపరు చదువుకుంటారు." ఆవిడ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "మొన్న పక్కన కూర్చోమని అడిగారు చూడండి. నేనెంత భయపడ్డా, ఎంత బాగుందో ఆ మాట."

వీరాంజనేయులు లోపల ఆ చెప్పులో రాయి ఎక్కడుందా అని వెతికితే లేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆ చేత్తోనే బంగారు తలుపు నొక్కాడు.

లోపల అంతా మెరుపులు. ఎదురుగా చిలక బొమ్మ పెట్టుకున్న ఒకాయన కూర్చున్నాడు. మొదటి ఆట ముక్కలు పడ్డాయి. వీరాంజనేయులి చేతిలో రెండు రాజులు! యాభై మందీ ముందుకి వంగారు. చిలక తన ముందున్నదంతా మధ్యలోకి తోశాడు. "ఆడండి" అంది అనంతలక్ష్మి. ఆయనా తోశాడు, టేబుల్ మీద ఉన్నదంతా.

చిలక ముక్కలు తిప్పాడు. రెండు ఆసులు.

హాలు చల్లబడిపోయింది. రజిని ఇత్తడి గిన్నె గుండెకి హత్తుకుంది. వీరాంజనేయులు ఖాళీ అయిన టేబుల్‌ని చూశాడు. తర్వాత మూలన తన మొత్తం లెక్క చూశాడు. మూడొందల వంతుల్లో ఒక వంతు పోయింది. అంతే. పైకప్పు ఊడిపడలేదు, ఎవరూ ఆయన్ని ఎక్కడికీ బదిలీ చెయ్యలేదు. ఆయన కడుపులోంచి నవ్వు మొదలై పంచె కుచ్చెళ్ళ దాకా ఊపేసింది.

"ఇంతేనా?" అన్నాడు. "లక్ష్మీ, ఇంతేనటే!"

ఆ నవ్వులో శ్రీధర్ ఒక్కడే కలవలేదు. కేకు డబ్బా ఇంకా పట్టుకునే ఉన్నాడు. "మామయ్యగారూ, నేను ముప్ఫై అంటే మీరు మూడొందలు పెట్టుకున్నారు" అన్నాడు నెమ్మదిగా.

"అవును బాబూ. ముప్ఫై దగ్గర వచ్చినా ఇదే జరిగేది. ఇన్నాళ్ళూ ఊరికే కిందనే కూర్చున్నాను."

శ్రీధర్ నళిని వంక చూశాడు. నళిని నేల వంక చూసింది. "డౌన్ పేమెంట్‌కి మనం మొదట అనుకున్నది రెండేళ్ళ క్రితమే వచ్చేసింది కదూ?" అన్నాడు.

"మూడేళ్ళ క్రితం" అంది నళిని.

శ్రీధర్ కేకు డబ్బా వేణుమాధవ్ చేతిలో పెట్టాడు. "వేణూ, ఇవాళ ఎక్కడైనా ఓపెన్ హౌస్ ఉందా? అమ్మే ఇల్లేదైనా వెళ్ళి చూడొచ్చా?"

వేణుమాధవ్ హర్టవ్వడం అక్కడితో ఆగింది. జేబులోంచి ఫోన్ తీస్తూనే, "మూడు మైళ్ళ దూరంలో ఒకటుంది. నాలుగు బెడ్‌రూములు. తూర్పు ఫేసింగ్. పెద్ద పెరడు" అన్నాడు. "లగ్నం ఇంకా గంట పైనే ఉంది" అన్నారు పంతులుగారు సంచీ భుజాన వేసుకుంటూ.

పదకొండు కార్లూ వరసగా కదిలాయి. ఆ ఇంటి గుమ్మంలో నిలబడ్డ అమెరికన్ ఏజెంటు, పట్టుచీరలతో, స్వామి పటంతో, పులిహోరతో వస్తున్న జనాన్ని చూసి చేతిలో కరపత్రాలు లెక్కపెట్టుకుంది. "ఆర్ ఆల్ ఆఫ్ యూ బయింగ్?" అని అడిగింది. "ఒక్కళ్ళే. మేం బంధువులం" అని ఇంగ్లీషులో చెప్పి వేణుమాధవ్ ఆవిడకి తన పుట్టినరోజు కేకు ముక్క ఇచ్చాడు.

నళిని సరాసరి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఉత్త గడ్డే ఉంది అక్కడ. ఆమె ఒక మూలకి వెళ్ళి, నిమ్మచెట్టు ఎక్కడ పెట్టాలో చూసుకుంటున్నట్టు నిలబడింది. ఈ చలికి నిమ్మచెట్టు కుండీలోనే బతుకుతుందనీ, చలికాలం లోపల పెట్టుకోవాలనీ ఆమెకి తెలుసు. అయినా నిలబడింది. శ్రీధర్ వెళ్ళి పక్కన నిలబడ్డాడు. ఏమనుకున్నారో దూరం నించి వినబడలేదు గానీ, నళిని మొహం మళ్ళీ పదో క్లాసు రిజల్టు మొహమైంది.

తిరిగి లోపలికి వస్తూ శ్రీధర్ ఆయన దగ్గర ఆగాడు. "మామయ్యగారూ, పైకెప్పుడు వెళ్ళాలో నిజంగా ఎలా తెలుస్తుంది?"

"నాకూ తెలీదు బాబూ. కానీ పక్కన కూర్చునే మనిషి రమ్మంటే, ఇంకో లెక్క వెయ్యకండి" అన్నాడు వీరాంజనేయులు. అనంతలక్ష్మి వినలేదన్నట్టు అటు తిరిగి కిటికీ తలుపు గట్టిదా కాదా అని నొక్కి చూసింది.

ఆ మధ్యాహ్నం ఆయన బంగారు గదిలో ఇంకో మూడు ఆటలు ఓడి, ఇది బాగా పోవడం కిందే లెక్క అని తేల్చుకుని పచ్చ గదికి తిరిగొచ్చాడు. దానికి మాత్రం ముహూర్తం చూడలేదు.